నలభయ్యో రోజు మందిరానికి

పసిబిడ్డను తెచ్చారనగానే మన మందిరాల్లో మెడలన్నీ వెనక్కి తిరుగుతాయి. పాడుతున్న పాట కూడా ఒక క్షణం తడబడుతుంది!

కోనసీమలో తొలి కాన్పు మామూలుగా పుట్టింట్లోనే. అమ్మమ్మ కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్లమీద పడుకోబెట్టి లాలపోస్తుంది. ఆపైన సాంబ్రాణి పొగ (పసివాళ్ల ఊపిరితిత్తులకు ఆ పొగ మంచిది కాదని డాక్టర్లు చెబుతున్నా మనం మానం!), తల్లికి పథ్యం, రెండు మూడు గంటలకోసారి పాలు, రాత్రంతా జాగారం. ఆసుపత్రి నుంచి ఇల్లు చేరాక బాలింత లోకమంతా ఆ ఒక్క గదే. కొబ్బరితోటలు, కాలువ వంతెన దాటి ఆటోలో మందిరానికి రావడమే చాలామందికి మొదటి ప్రయాణం. ఆ తర్వాత రెండు మూడు రోజులకే, ఆరు వారాలు నిండగానే, టీకాల కోసం రెండోది.

యేసుప్రభువుకూ అలాంటి తొలి ప్రయాణం ఉంది (లూకా 2:22-38). ధర్మశాస్త్రం ప్రకారం మగబిడ్డను కన్న తల్లికి ఏడు రోజులు, ఆపైన ముప్ఫై మూడు రోజులు. ఆడబిడ్డయితే దానికి రెట్టింపు (లేవీ 12). బేత్లెహేము నుంచి యెరూషలేముకు సుమారు తొమ్మిది కిలోమీటర్ల కొండదారి. గొర్రెపిల్లను తేలేని పేదలు రెండు పక్షులను అర్పించవచ్చు. లూకా చెప్పింది పక్షుల సంగతే, గొర్రెపిల్ల మాటే లేదు! ఆలయంలో వృద్ధుడైన సుమెయోను బిడ్డను చేతుల్లోకి తీసుకుని దేవుణ్ణి స్తుతించాడు. మనం అక్కడితో ఆగిపోతాం. కానీ ఆయన ఆ తర్వాత తల్లిదండ్రులను దీవించాడు, మరియ వైపు తిరిగి ఆమెతో ప్రత్యేకంగా మాట్లాడాడు. ఆమె గుండెకు తగలబోయే గాయం ఆయనకు ముందే కనిపించింది. అంత రద్దీలో తల్లిని చూసిన మనిషి ఆయన!

నేను చూడలేదు. కొన్నేళ్ల క్రితం రాజోలు వైపు ఒక పల్లెలో ప్రసంగానికి వెళ్లాను. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్‌ల కాలం నుంచీ గోదావరి డెల్టాలో వేళ్లూనిన బ్రదరన్ సంఘాల్లో శిశు బాప్తిస్మం ఉండదు. ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారు. లూథరన్, సీఎస్ఐ వారిది వేరే పద్ధతి. ఆ రోజు ఒక అమ్మాయి తన తొలిచూలు ఆడపిల్లను తెచ్చింది. ప్రార్థన చేశాం. బిడ్డ చేతులు మారింది, అందరూ ముద్దులు పెట్టారు. నా ప్రసంగం మధ్యలో గుక్కపట్టి ఏడ్చింది. నేను ఆగి, 'బిడ్డను కాస్త బయటకు తీసుకెళ్లమ్మా' అన్నాను. ఆ తల్లి కొబ్బరిచెట్టు నీడన గంటసేపు నిలబడింది. ఒక్కరూ లేచి వెళ్లలేదు.

నెల తర్వాత తెలిసింది, ఆమె మళ్లీ మందిరానికి రావడం లేదని. క్షమాపణ చెప్పడానికి వాళ్లింటికి వెళ్లాను. 'మీమీద కోపం లేదండి అయ్యగారు' అంది. 'రాత్రుళ్లు ఎందుకో ఏడుపొచ్చేదండి. ఆ రోజు ఎవరైనా బిడ్డను కాసేపు పట్టుకుంటే గోడకు చేరగిలబడి కళ్లు మూద్దామనుకున్నాను.' పరిశుద్ధ స్థలంలో ఆమె కోరుకున్నది అంతే!

కాన్పయిన తొలి రోజుల్లో దిగులు చాలామందికి వస్తుంది, రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే అది జబ్బు. విశ్వాసంలో లోపం కాదు. అలాంటి తల్లితో 'ప్రార్థన చెయ్యి, పోతుంది' అని ఊరుకోవద్దు. ప్రార్థించండి, డాక్టరు దగ్గరకూ తీసుకెళ్లండి. తనకో బిడ్డకో హాని చేసుకోవాలన్న తలంపు వస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు. ఆ అమ్మాయిని ఆమె భర్త అమలాపురంలో డాక్టరుకు చూపించాడు, కొన్ని నెలలకు తేరుకుంది.

ఇప్పుడు ఆ మందిరంలో వెనక గోడవారగా చాప, ఫ్యాను, పాలివ్వడానికి ఒక తెర ఉన్నాయి. చేతులు కడుక్కోనిదే ఎవరూ పసిబిడ్డను ముట్టుకోరు, ముద్దులు లేవు, జలుబున్నవాళ్లు దూరం నుంచే పలకరిస్తారు. బిడ్డ ఏడిస్తే స్త్రీల సమాజంలో ఎవరో ఒకరు ఎత్తుకుంటారు, తండ్రికీ వంతు ఉంది. ఇద్దరు పెద్దలు మాత్రం తెర కట్టినందుకు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడరు.