పాలసీ ఉంది, టీవీ కాలింది, పైసా రాలేదు: హోమ్ ఇన్సూరెన్స్‌లో మన గ్యాడ్జెట్ల సంగతి

నా ఫోన్‌కి టెంపర్డ్ గ్లాస్ ఉంది, స్క్రీన్ ప్రొటెక్షన్ ప్లాన్ ఉంది. ల్యాప్‌టాప్‌కి మూడేళ్ల ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంది. ఇవన్నీ ఉండే ఇంటికి మాత్రం ఏమీ లేదు. ఆ సంగతి 2024 సెప్టెంబర్ 1న గానీ నాకు తట్టలేదు. ఆ రోజు బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. అమ్మానాన్నలు డాబా ఎక్కి బయటపడ్డారు. రోజుల తర్వాత నీళ్లు తీశాక వెళ్లి చూస్తే టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఇన్వర్టర్, ఇంజినీరింగ్‌లో నేను అసెంబుల్ చేసుకున్న డెస్క్‌టాప్, అన్నీ బురదలోనే.

టీవీకి ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంది కదా అని ఫోన్ చేశా. అది తయారీ లోపాలకేనట, వరదకి వర్తించదట. నిజమే, కార్డు మీద రాసే ఉంది. మనం చదివితేగా!

ఆ తర్వాత నాన్న పేరు మీద భారత్ గృహ రక్ష పాలసీ తీసుకున్నా. ఇది ఒక కంపెనీ ప్లాన్ కాదు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు అగ్నిప్రమాద బీమా అమ్మే జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ అమ్మాల్సిన స్టాండర్డ్ పాలసీగా ఐఆర్‌డీఏఐ తెచ్చింది. అగ్నిప్రమాదం, వరద, తుపాను, భూకంపం, పిడుగు, అల్లర్లు, వాటర్ ట్యాంక్ పగలడం లాంటివి కవర్ అవుతాయి. అసలు నిబంధనలు ఏ కంపెనీలోనైనా ఒకటే కాబట్టి ప్రీమియం, యాడ్-ఆన్‌లు, క్లెయిమ్ సర్వీసు పోల్చుకుంటే సరిపోతుంది. "అన్నీ కవర్ అవుతాయి సార్" అన్నాడు ఏజెంట్. నేనూ తలూపా.

మరుసటి వేసవిలో ఓ సాయంత్రం గాలివాన. కరెంటు పోయింది. తిరిగొచ్చినప్పుడు హై వోల్టేజ్‌తో వచ్చింది. వరద తర్వాత కొన్న కొత్త టీవీ బోర్డు, సౌండ్‌బార్ రెండూ పోయాయి. "ఇప్పుడు ఇన్సూరెన్స్ ఉందిగా, చెప్పరా వాళ్లకి" అన్నారు నాన్న, ధీమాగా. చెప్పా. క్లెయిమ్ రిజెక్ట్.

కోపంతో పాలసీ పీడీఎఫ్ మొత్తం చదివా. మినహాయింపుల్లో ఒక క్లాజ్ ఉంది. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ వస్తువు షార్ట్ సర్క్యూట్ వల్లో, అధిక లోడ్ వల్లో, తనంతట తాను వేడెక్కో పాడైతే ఆ వస్తువుకి డబ్బు రాదు. పక్కనే ఇంకో వాక్యం: ఈ మినహాయింపు అలా పాడైన ఆ ఒక్క మెషిన్‌కే వర్తిస్తుంది. గ్యాడ్జెట్లు వాడే మనలాంటి వాళ్లు పాలసీలో ముందు చదవాల్సింది ఇదే. ఉదాహరణకి, చార్జింగ్‌లో ఉన్న పవర్ బ్యాంక్ వేడెక్కి అంటుకుని పరుపు, కర్టెన్లు, పక్కనున్న మానిటర్ కాలిపోయాయనుకోండి. పరుపు, కర్టెన్లు, మానిటర్ కవర్ అవుతాయి. పవర్ బ్యాంక్ కాదు. మా టీవీ నుంచి మంట వచ్చి ఇల్లు అంటుకుని ఉంటే ఇంటికి వచ్చేది, టీవీకి రాదు. ఏజెంట్ మాట సంగతెలా ఉన్నా, కంపెనీ తప్పు లేదు. సంతకం పెట్టే ముందు చదవనిది నేను.

వోల్టేజ్ వల్ల పాడవడం కూడా కవర్ కావాలంటే ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ బ్రేక్‌డౌన్ కవర్ విడిగా కలుపుకోవాలి. అన్ని కంపెనీలూ ఇవ్వవు, కొన్ని పాత వస్తువుల్ని ఒప్పుకోవు. దొంగతనం ఇంకో చిక్కు. వరదో అగ్నిప్రమాదమో జరిగిన ఏడు రోజుల్లోపు పోతేనే ఈ పాలసీలో వస్తుంది. మామూలుగా తాళం పగలగొట్టి ల్యాప్‌టాప్ ఎత్తుకెళ్తే బర్గ్లరీ కవర్ వేరే ఉండాలి. ఇంట్లోంచి బయటికి తీసుకెళ్లిన వస్తువుకీ రాదు. కాబట్టి ఫోన్ డ్యామేజ్ ప్లాన్ మానేయకండి, అది వేరే పని చేస్తుంది.

ఎంతకి తీసుకోవాలి? ఇంటి విలువంటే స్థలం రేటు కాదు, మళ్లీ కట్టడానికయ్యే ఖర్చు. 1000 చదరపు అడుగుల ఇంటికి అడుగుకి 2500 రూపాయల చొప్పున లెక్కేస్తే 25 లక్షలు. ఇంటికీ సామాన్లకీ కలిపి తీసుకుంటే, అందులో 20 శాతం, అంటే 5 లక్షలు, సామాన్లకి ఆటోమేటిగ్గా వస్తుంది. ఇలా వచ్చేదానికి పరిమితి 10 లక్షలు. అంతకంటే ఎక్కువ కావాలంటే లిస్టు ఇచ్చి పెంచుకోవాలి. అద్దె ఇంట్లో ఉంటే గోడల గొడవ ఓనర్‌ది, మీరు సామాన్లకి మాత్రమే తీసుకోవచ్చు. గేమింగ్ పీసీ, కెమెరా, లెన్సులు ఉన్న బ్యాచిలర్ రూమ్ విలువ ఒకసారి కూడి చూడండి, మీకే ఆశ్చర్యమేస్తుంది.

ఈ పాలసీలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. 8 లక్షల సామాన్లకి 4 లక్షలకే బీమా చేశారనుకోండి. చాలా పాలసీల్లో మీరు సగమే బీమా చేశారు కాబట్టి నష్టంలో సగమే ఇస్తామంటారు. ఇందులో ఆ కోత లేదు, 4 లక్షల వరకు అసలు నష్టం ఇస్తారు.

ఇక మనకి వచ్చిన విద్య ఇక్కడ పనికొస్తుంది. గది గది తిరిగి ఒక వీడియో తీయండి. సీరియల్ నంబర్లు, ఐఎంఈఐ ఫొటోలు, బిల్లుల పీడీఎఫ్‌లు క్లౌడ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టండి. మా పేపర్ బిల్లులు టీవీ స్టాండ్ సొరుగులోనే నానిపోయాయి. ఏదైనా జరిగితే వెంటనే కంపెనీకి చెప్పండి, సర్వేయర్ చూసేదాకా పాడైన వస్తువుల్ని పారేయకండి. వరదప్పుడు అమ్మ అన్నీ రోడ్డు మీద పెట్టేసింది. అప్పుడు పాలసీ ఉన్నా చూపించడానికి ఏం మిగిలేది కాదు.

టీవీ బోర్డు సొంత డబ్బుతో మార్పించాం. స్టెబిలైజర్ పెట్టాం. ఈసారి రెన్యువల్‌లో బ్రేక్‌డౌన్ కవర్ కలిపా. ఆ పీడీఎఫ్ నాన్న ప్రింట్ తీయించి, కళ్లద్దాలు పెట్టుకుని, లైన్ లైన్‌కీ నాకు ఫోన్ చేస్తున్నారు.