స్ప్లిట్స్‌కి తొందరొద్దు!

కూచిపూడి నేర్చుకుంటున్న మీ అమ్మాయి ఫోన్‌లో బ్యాలే చూసి, తనూ కాళ్లు బార్లా చాపి నేలకు ఆనిస్తానంటోందా? 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న యానాంలో దీని ఫ్రెంచి పేరూ తెలుసుకోవచ్చు: ‘గ్రాండ్ ఎకార్’. పేరేదైనా, మెల్లగా సాధించాల్సిన విద్యే.

ముందు పది నిమిషాలు గోదావరి గట్టు మీద వేగంగా నడవమనండి. ఒళ్లు వేడెక్కాక ఒక మోకాలిని నేలపై ఆనించి, రెండో కాలిని ముందుకు చాపాలి. వీపు నిటారుగా ఉంచి, తుంటి దగ్గర నుంచి ముందుకు వంగాలి. తొడ వెనక లాగుతున్నట్టు అనిపించగానే ఆగి, మామూలుగా ఊపిరి తీసుకుంటూ 30 సెకన్లు ఉండాలి. ఒక్కో కాలికి రెండుసార్లు, వారానికి మూడు రోజులు చేస్తే చాలు. ఊగుతూ చేయొద్దు.

భుజాలు పట్టి కిందికి అసలే నొక్కకండి. ఎదిగే వయసులో తొడ వెనక కండరం అతుక్కునే చోట ఎముక ఇంకా గట్టిపడదు. ఒక్కసారిగా లాగితే ముక్క ఊడిరావచ్చు. ‘టప్’మన్నా, పిరుదు కింద పోటు వచ్చినా, కుంటుతున్నా వెంటనే ఆపించి ఎముకల డాక్టరుకు చూపించండి.

తుంటి కీలు అందరికీ ఒకేలా ఉండదు. కాళ్లు పూర్తిగా నేలకు ఆనకపోయినా ఆమె నాట్యానికి లోటేమీ ఉండదు.