గోధుమ లేని కుకీ: వంటింట్లో ఒక ప్రయోగం

మా ఇంట్లో ఇద్దరికి ఇద్దరూ పట్టుదల మనుషులే. మా అమ్మగారు గ్రుడ్డు కలిసిన పదార్థాన్ని ముట్టరు. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి గోధుమ తినరాదు. అమ్మగారిది ఆచారం, అమ్మాయిది అవసరం. ఏడాది పాటు పిల్లకు రక్తహీనత తగ్గలేదు, ఐరన్ మాత్రలు పని చేయలేదు. చివరకు సీలియాక్ వ్యాధి అని తేలింది. అప్పటి నుండి స్నేహితుల పుట్టినరోజు పండుగలకు వెళ్ళినప్పుడల్లా అది తన డబ్బా తాను పట్టుకొని వెళ్ళి, అందరూ కేకు తింటూ ఉంటే ప్రక్కన కూర్చొనేది. ఈసారి సెలవులకు అమ్మమ్మా మనుమరాలూ ఒకే పళ్ళెంలో నుండి తినగలిగినది ఒకటి చేయాలని, గ్లూటెన్ లేని కుకీ పిండి పెట్టె ఒకటి కొని తెచ్చాను. గ్రుడ్డు, పాలు, వెన్న లేకుండా కూడా చేసుకోవచ్చునని దాని మీద వ్రాసి ఉన్నది.

గ్లూటెన్ అంటే ఏమిటో తెలుసుకొనేందుకు ఒక చిన్న ప్రయోగం ఉన్నది. గోధుమ తినే ఇళ్ళలో పిల్లల చేత చేయించవచ్చును. చపాతీ పిండి ముద్దను గిన్నెడు నీళ్ళలో పెట్టి పిసుకుతూ నీళ్ళు మారుస్తూ ఉంటే, పిండి పదార్థమంతా తెల్లగా కొట్టుకొనిపోయి, రబ్బరు వంటి ముద్ద ఒకటి చేతిలో మిగులుతుంది. అదే గ్లూటెన్. గోధుమలోని గ్లయడిన్, గ్లూటెనిన్ అనే రెండు రకాల మాంసకృత్తులు నీటితో కలిసి, పిసికిన కొద్దీ వల అల్లుకొంటాయి. మొదటిది సాగే గుణాన్ని, రెండవది బిగువును ఇస్తుంది. రొట్టె పొంగేది, చపాతీ చిరగకుండా సాగేది ఈ వల వలననే. యవలలోను, రై ధాన్యంలోను ఇటువంటి మాంసకృత్తులే ఉన్నాయి.

వీటిని మన జీర్ణరసాలు పూర్తిగా విడగొట్టలేవు. చాలమందికి దానివల్ల నష్టం లేదు. కాని సుమారు నూటికి ఒకరిలో, జన్యువుల మూలంగా, శరీర రక్షణ వ్యవస్థ ఆ ముక్కలను చూచి తన చిన్నప్రేగు మీద తానే దాడి చేస్తుంది. ప్రేగు లోపలి పొరలో ఆహారాన్ని పీల్చుకొనే సన్నని వ్రేళ్ళ వంటి భాగాలు అణగిపోతాయి. అప్పుడు ఎంత తిన్నా ఇనుము, కాల్షియం వంటివి సరిగా ఒంటికి పట్టవు. గోధుమకూ ఈ వ్యాధికీ గల సంబంధాన్ని నిరూపించినవాడు విల్లెమ్ డికె అనే డచ్చి పిల్లల వైద్యుడు. 1944-45 చలికాలపు కరవులో హాలెండులో రొట్టె దొరకనప్పుడు ఈ రోగం గల పిల్లలు కోలుకోవటం, రొట్టె తిరిగి రాగానే మళ్ళీ జబ్బు పడటం ఆయన అభిప్రాయాన్ని బలపరచినవి. 1950లో తన సిద్ధాంత గ్రంథంలో ఆ పరిశోధనను ప్రకటించాడు. నేటికీ దీనికి చికిత్స గ్లూటెన్ లేని ఆహారమే. అనుమానం ఉన్నవారు ముందుగానే గోధుమ మానివేయరాదు. మానితే రక్తపరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చును.

ఇక పెట్టెలో ఏమున్నదో చూద్దాము. బియ్యపు పిండి, బంగాళాదుంప పిండి, మన సగ్గుబియ్యం తయారయ్యే కర్రపెండలపు పిండి, చక్కెర, ఉప్పు, వంటసోడా, జాంథన్ గమ్. ఈ చివరిది గ్లూటెన్‌కు బదులుగా చేర్చిన జిగురు. క్యాబేజీకి తెగులు తెచ్చే ఒక సూక్ష్మజీవిని చక్కెర ద్రావణంలో పెంచి దీనిని తీస్తారు. అమెరికా వ్యవసాయశాఖ వారి పియోరియా పరిశోధనాలయంలో కనుగొన్న ఈ పదార్థాన్ని 1969లో ఆహారంలో వాడేందుకు అనుమతించారు.

మొదటి వాయి పాడయినది. కొబ్బరినూనె కరగబెట్టి పోసి, గ్రుడ్డుకు బదులు నీళ్ళు చేర్చి, వెంటనే ఓవెన్‌లో పెట్టాను. కుకీలు దోసెల వలె పరచుకొని ఒకదానికొకటి అంటుకొన్నాయి. తీయబోతే పొడి పొడి అయినాయి. నోట్లో వేసుకొంటే ఇసుక వలె తగిలింది. అమ్మగారు ఒక ముక్క విరిచి చూచి, "పొడిపిండితో అరిసెలు వండినట్లుందే అమ్మాయీ! బియ్యం నానకపోతే పలుకు ఎక్కడికి పోతుంది?" అన్నారు.

ఆ మాటలో శాస్త్రం ఉన్నది. బియ్యపు పిండి రేణువులు గట్టివి; నీరు పీల్చుకొనేందుకు వాటికి వ్యవధి కావాలి. అరిసెలకు బియ్యం నానబోసి తడిపిండి కొట్టటంలోని మర్మమిదే. అరిసెలో గోధుమ లేదు గదా, మరి అది విడిపోకుండా పట్టి ఉంచేదేమిటి? బెల్లపు పాకం. కుకీలోనూ అంతే. వేడిగా ఉన్నప్పుడు మెత్తగా ఉండే చక్కెర పాకం చల్లారిన కొద్దీ గట్టిపడి పిండిని పట్టి ఉంచుతుంది. నిజానికి గోధుమ కుకీలో కూడా నూనె, చక్కెర ఎక్కువ, నీరు తక్కువ కావటం చేత గ్లూటెన్ వల అంతగా అల్లుకొనదు. అందుచేతనే గోధుమ లేకుండా రొట్టె చేయటం కష్టం, కుకీ చేయటం సులభం.

రెండవ వాయికి నాలుగు మార్పులు చేశాము. ఒకటి: టేబుల్ స్పూను అవిసె గింజల పొడిని మూడు టేబుల్ స్పూన్ల నీటిలో పది నిమిషాలు నానబెట్టి, ఒక గ్రుడ్డుకు బదులుగా కలిపాము. దాని జిగురు నీటిని పట్టి ఉంచుతుంది. అయితే గ్రుడ్డు వలె వేడికి గట్టిపడదు. రెండు: కొబ్బరినూనెను పేరుకొన్నది పేరుకొన్నట్లే వాడాము. అది సుమారు 24 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది కనుక, కలిపిన ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచాము. ఆ అరగంటలో పిండి కూడా నానినది. మూడు: 350 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద 12 నిమిషాలు కాల్చి, రంగు కొరకు ఎదురు చూడలేదు. పాలలోను గ్రుడ్డులోను ఉండే మాంసకృత్తులు చక్కెరతో కలిసి ఎరుపు రంగు తెస్తాయి. అవి లేని కుకీ కొంచెం పాలిపోయే ఉంటుంది. నాలుగు: పళ్ళెం బయటికి తీసి పది నిమిషాలు కదపలేదు. ఈసారి కుకీలు చక్కగా నిలిచినవి.

ఇక్కడ రెండు పేర్లను గురించి చెప్పుకోవాలి. వీగన్ అనే మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. మన శాకాహారం వంటిది కాదు. పాలు, నెయ్యి, తేనె కూడా విడిచిపెట్టే నియమమది. అమెరికా ఆహార ఔషధ సంస్థ ఈ మాటకు చట్టపరమైన నిర్వచనం ఇవ్వలేదు. గ్లూటెన్ లేనిది అనే మాటకు మాత్రం 2013లో కొలత నిర్ణయించింది: కిలో పదార్థంలో 20 మిల్లీగ్రాముల కంటె తక్కువ ఉండాలి. ఒక పేరు ఉన్నంత మాత్రాన రెండవది ఉన్నట్లు కాదు. రెండూ ఉన్నంత మాత్రాన ఒంటికి మేలు చేస్తుందనీ కాదు, చక్కెర చక్కెరే.

ఆ కొలత పెట్టె మూత తెరిచే వరకే మనకు రక్ష. ఆ తరువాత భారం వంటింటిది. చపాతీ పిండి జల్లించిన జల్లెడ, అప్పడాల కర్ర, రొట్టె ముక్కలు రాలిన టోస్టరు వీటి ద్వారా గోధుమ తిరిగి చేరుతుంది. మేము పిల్ల కొరకు వేరే జల్లెడ, వేరే పళ్ళెం పెట్టుకొన్నాము. మన తెలుగు వంటింట్లో మరొక దొంగ ఇంగువ డబ్బా. బజారులో దొరికే ఇంగువ పొడిలో తరచుగా గోధుమ పిండి కలుపుతారు. చారులో చిటికెడు చాలు. బొంబాయి రవ్వ, సేమ్యా గోధుమవే. విందులకు పిల్లలను పిలిచేవారు ఈ సంగతి గుర్తుంచుకొంటే ఆ తల్లిదండ్రులకు ఎంతో ఉపకారం చేసినవారవుతారు.

ఇంతకూ మనకు ఈ విద్య క్రొత్తది కాదు. బియ్యం, మినప్పప్పు నానబెట్టి రుబ్బి పులియబెట్టిన ఇడ్లీలో గోధుమా లేదు, గ్రుడ్డూ లేదు, పాలూ లేవు. గాలి బుడగలను పట్టి ఉంచే పని అక్కడ మినప్పప్పు చేస్తున్నది.

ఆ సాయంత్రం అమ్మగారు, అమ్మాయి ఒకే పళ్ళెం ముందు కూర్చొన్నారు. "నీ అరిసెలు బాగున్నాయే" అన్నారు అమ్మగారు. అమ్మాయి తన వాటా తిని, మిగిలినవి డబ్బాలో సర్దుకొన్నది. ఈసారి తనకు మాత్రమే కాదట, మరునాటి పుట్టినరోజు పండుగలో అందరికీ పంచేందుకట.