పది సినిమాలు చెప్పండి... ఆమె తీసినవి!

సినిమా పిచ్చి ఉన్న నలుగురు ఒకచోట చేరితే జాబితాలకు కొదవుండదు. ఎన్టీఆర్ పౌరాణికాల్లో టాప్ టెన్, ఘంటసాల పాటల్లో టాప్ టెన్, ఆఖరికి ఇంటర్వెల్ ఫైట్లలో టాప్ టెన్ కూడా టీ చల్లారేలోపు తేల్చేస్తారు. అదే ‘మహిళా దర్శకులు తీసిన వాటిలో మీకు నచ్చిన పది చెప్పండి’ అని అడిగి చూడండి... మొదటి మూడు పేర్లు గబగబా వస్తాయి. నాలుగో దాని దగ్గర తల గోక్కోవడం మొదలు. ఇంతలో ఎవరో ఒకరు ‘విజయనిర్మల 44 తీశారు కదా’ అని గుర్తు చేస్తారు. సరే, అందులో ఓ నాలుగు పేర్లు చెప్పమంటే మళ్లీ నిశ్శబ్దం!

ఈ మతిమరుపు మన ఒక్కళ్లదే కాదు లెండి. లండన్ నుంచి వచ్చే ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 1952 నుంచి పదేళ్లకోసారి ప్రపంచంలో గొప్ప సినిమాల జాబితా వేయిస్తోంది. అందులో ఒక మహిళ తీసిన సినిమా మొదటి స్థానానికి చేరడానికి 70 ఏళ్లు పట్టింది. 2022లో ఆ చోటు దక్కింది బెల్జియం దర్శకురాలు షాంతాల్ అకర్మన్ 1975లో తీసిన ‘జాన్ డీల్‌మన్’కు. ఒక తల్లి వంట చేసుకుంటూ, ఇల్లు సర్దుకుంటూ ఉండగా మూడు గంటలకు పైగా నడిచే బొమ్మ అది. చూడటానికి ఓపిక కావాలి. కానీ చూశాక మర్చిపోవడం కష్టం.

ఆ జాబితా మొదలైన మరుసటేడు, అంటే 1953లోనే మన తెలుగావిడ ఒకరు మద్రాసులో మెగాఫోన్ పట్టుకుని ఒకేసారి మూడు భాషల్లో సినిమా తీసేశారు!

ఏ భాష లెక్కలోకి?

సరిహద్దుకు ఇవతల ఉన్న మనకు ఈ జాబితా వేయడంలో ఇంకో తగువు కూడా ఉంది. తెలుగు సినిమాలే రాయాలా? తెలుగువాళ్లు వేరే భాషల్లో తీసినవీ రాయొచ్చా? యానాం వాళ్లకు పెద్ద ఇబ్బంది లేదు. పుదుచ్చేరి పాలనలో ఉన్నా వాళ్లు చూసేది తెలుగు బొమ్మే. మరి హోసూరు, కోలారు, బళ్లారి, బరంపురం, షోలాపూర్‌లలో ఉన్నవాళ్ల సంగతి? ఇంట్లో ఒక భాష, బజార్లో ఇంకో భాష. చూసే సినిమా కూడా అంతే. తెలుగే అని గిరి గీస్తే సగం సరుకు బయటే ఉండిపోతుంది. ఎందుకంటే మన ఆడవాళ్లు దర్శకులైంది ఎక్కువగా ఈ ఒడ్డునే, మద్రాసులో.

దక్షిణాదిలో తొలి మహిళా దర్శకురాలు టి.పి.రాజలక్ష్మి సంగతే చూడండి. ఆమె తమిళావిడ. తన నవలనే ‘మిస్ కమల’ పేరుతో 1936లో తెరకెక్కించారు. అంతకు అయిదేళ్ల ముందు, 1931లో వచ్చిన ‘కాళిదాసు’లో కథానాయిక ఆమే. ఆ సినిమాలో ఆమె తమిళంలో మాట్లాడితే హీరో తెలుగులో మాట్లాడతాడు. తీసింది మన హెచ్.ఎం.రెడ్డి. ఇద్దరూ చెరో భాషలో మాట్లాడుకున్నా జనం హాయిగా చూశారు. సరిహద్దు ఊళ్లలో మనం రోజూ చేసే పనే కదా!

ఇక భానుమతి. 1953 నాటి ‘చండీరాణి’ తెలుగు, తమిళం, హిందీ మూడింటికీ ఆమే దర్శకురాలు. అందులో ద్విపాత్రాభినయం చేసిందీ ఆమే. హీరో ఎన్టీఆర్. సంగీతం చేస్తూండగా సి.ఆర్.సుబ్బరామన్ కన్నుమూస్తే, మిగిలిన పని ఆయన శిష్యుడు ఎమ్మెస్ విశ్వనాథన్ పూర్తి చేశారు. భరణి స్టూడియో సొంతం కాబట్టి దర్శకత్వం సులువేనని తీసిపారేసేవాళ్లున్నారు. స్టూడియో ఉంటే షూటింగుకు ఫ్లోరు దొరుకుతుంది గానీ, ఒకే సన్నివేశాన్ని మూడు భాషల్లో, రెండు వేషాల్లో నటిస్తూ కెమెరా వెనక్కి వచ్చి సరిచూసుకునే సత్తా స్టూడియో ఇస్తుందా? ఆ తర్వాత ‘అంతా మన మంచికే’ (1972) తీశారు. 1982లో చిన్నపిల్లలతోనే ‘భక్త ధ్రువ మార్కండేయ’ తీశారు. ‘అత్తగారి కథలు’ చదివినవాళ్లకు ఆవిడ చురుకు గురించి చెప్పక్కర్లేదు.

సావిత్రి లెక్క తేలలేదు

2018లో ‘మహానటి’ వచ్చాక సావిత్రి జీవితం ఈ తరం పిల్లలకూ తెలిసింది. కష్టం ఏమిటంటే, ఆమె దర్శకత్వం ప్రస్తావన వస్తే ఇప్పటికీ నష్టాల లెక్కే చెబుతారు. సొంత డబ్బు పోయింది, ఆస్తులు కరిగిపోయాయి, అక్కడితో ఆగిపోతారు. సినిమా ఎలా ఉంది అన్న మాట ఎవరూ ఎత్తరు.

అసలు ఆమె తీసినవెన్ని? తెలుగులో ‘చిన్నారి పాపలు’ (1968), ‘చిరంజీవి’, ‘మాతృదేవత’ (1969), ‘వింత సంసారం’ (1971). తమిళంలో ‘కుళందై ఉళ్లం’ (1969), ‘ప్రాప్తం’ (1971). మొత్తం ఆరు! వీటిలో ‘కుళందై ఉళ్లం’ ‘చిన్నారి పాపలు’కే తమిళ రూపం. ‘ప్రాప్తం’ మన ‘మూగమనసులు’ కథ. శివాజీ గణేశన్ హీరోగా, సొంత డబ్బు పెట్టి తీశారు. ఆమెను బాగా దెబ్బతీసిందీ అదే.

‘చిన్నారి పాపలు’ సంగతి ఇంకా ప్రత్యేకం. నిర్మాత, దర్శకురాలు, సంగీత దర్శకురాలు అందరూ ఆడవాళ్లే. సంగీతం గాయని పి.లీల. ఆ రోజుల్లో అది మామాటి సాహసం కాదు. బాక్సాఫీసు దగ్గర పోయింది, నిజమే. మగ దర్శకులవి పోలేదా? పోయిన సినిమాలు తీసి గొప్ప దర్శకులుగా మిగిలినవాళ్లు ఎంతమంది లేరు! ‘మాతృదేవత’లో ఎన్టీఆర్ ఆమె దర్శకత్వంలో నటించారు. అంటే ఆయన ఇద్దరు మహానటీమణులు ‘యాక్షన్’ అంటే పనిచేసిన హీరో. ఆ ముక్క ఆయన అభిమానుల జాబితాల్లో కూడా పెద్దగా కనబడదు.

మళ్లీ ఆడవాళ్లే ముఖ్యమైన సాంకేతిక పనులన్నీ పట్టుకున్న సినిమా మద్రాసు నుంచే ఇంకోటి వచ్చింది, 34 ఏళ్లకు. రేవతి తీసిన ‘మిత్ర్ మై ఫ్రెండ్’ (2002). ఇంగ్లిష్ సినిమా. శోభనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చిపెట్టింది. ఆ సినిమా రచనలో పాలుపంచుకున్న ఇద్దరిలో ఒక తెలుగమ్మాయి ఉంది. ఆమె సంగతి కాసేపట్లో.

44లో ఒకటి

విజయనిర్మల 2002లో గిన్నిస్ బుక్కుకెక్కారు. ప్రపంచంలో ఎక్కువ సినిమాలు తీసిన మహిళ! ఆ అంకె ఎంత పెద్దదైందంటే సినిమాలు దాని చాటున పడిపోయాయి. ఆమె దర్శకత్వంలో తొలి సినిమా మలయాళం ‘కవిత’ (1973). అదే ఏడు తెలుగులో ‘మీనా’. యద్దనపూడి సులోచనారాణి నవల. రచయిత్రి, దర్శకురాలు, టైటిల్ పాత్ర వేసిన నటి... ముగ్గురి లెక్క ఇద్దరు మనుషులతోనే సరిపోయింది. 2016లో ‘అఆ’ వచ్చినప్పుడు పెద్దవాళ్లంతా ‘ఇది మన మీనా కథలా ఉందే’ అన్నారంటే నలభై ఏళ్ల తర్వాత కూడా ఎంత గుర్తుందో చూడండి. 1974లో కృష్ణతో ‘దేవదాసు’ తీసి అక్కినేని ‘దేవదాసు’తో పోటీకి దిగడం మాత్రం తెగువే గానీ తెలివి అనలేం. జాబితాలో రాయాలంటే నా ఓటు ‘మీనా’కే.

ఆ తర్వాత చాలాకాలం అక్కడొకరు ఇక్కడొకరు. జీవిత ‘శేషు’ (2002), బి.జయ ‘చంటిగాడు’ (2003)... 2011 జనవరిలో నందినీరెడ్డి ‘అలా మొదలైంది’ అన్నాక గానీ కుర్రకారు జాబితాల్లో ఒక ఆడమనిషి పేరు గట్టిగా నిలవలేదు. పెద్ద హంగులేమీ లేవు, మాటలతోనే నడిపించారు. బెంగళూరు అమ్మాయి నిత్యామీనన్ తెలుగులో అడుగుపెట్టింది ఈ సినిమాతోనే, అందులో పాటలూ పాడింది. నందినీరెడ్డి 2019లో ‘ఓ బేబీ’ తీశారు. అది కొరియా సినిమాకు రీమేక్. కానీ ముసలి బేబీగా లక్ష్మి, కుర్ర బేబీగా సమంత చేసిన సందడి అచ్చం మన ఇంటి గొడవలాగే ఉంటుంది. పన్నెండేళ్లలో ఆమె తీసిన పెద్ద సినిమాలు అయిదంటే అయిదే. విజయనిర్మల పనిచేసిన వేగం తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

శ్రీప్రియ సంగతి ఇంకా విచిత్రం. 2014లో వెంకటేశ్ ‘దృశ్యం’ చూసి మెచ్చుకోని ఇల్లు లేదు. దర్శకత్వం ఎవరంటే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు.

గొరూరు నుంచి ఆకాశం దాకా

‘మిత్ర్’ రచనలో ఉన్న ఆ తెలుగమ్మాయే సుధ కొంగర. మణిరత్నం దగ్గర పని నేర్చుకున్నారు. తొలి సినిమా 2008లో తెలుగులోనే, ‘ఆంధ్రా అందగాడు’. ఎవరూ పట్టించుకోలేదు. 2016లో ‘ఇరుది సుట్రు’ తమిళంలోనూ, హిందీలోనూ వచ్చింది. 2017లో ‘గురు’గా తెలుగులోకి దిగింది. మూడింటిలోనూ బాక్సర్ పిల్ల రితికా సింగే. ‘చండీరాణి’లో భానుమతి చేసిన పని గుర్తొచ్చిందా? నాకైతే తమిళమే ఇష్టం. చేపలమ్మే పిల్లకు ఉన్న నోటి దురుసునూ, పొగరునూ చివరిదాకా తగ్గించకుండా ఉంచారు.

2020లో ‘సూరరై పోట్రు’. తెలుగులో ‘ఆకాశం నీ హద్దురా’. హాసన్ జిల్లా గొరూరు మనిషి కెప్టెన్ గోపీనాథ్ బెంగళూరు కేంద్రంగా 2003లో మొదలుపెట్టిన చవక విమానాల కథే దీనికి ఆధారం. కన్నడిగుడి జీవితం, తెలుగు దర్శకురాలు, తమిళ హీరో, మలయాళ కథానాయిక, మధ్యలో మన మోహన్‌బాబు. అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. ఇది ఎవరి సినిమా అని తగువు పడేవాళ్లను బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో నిలబెట్టి, ఎవరు ఏ భాషవాళ్లో తేల్చమనాలి!

పొరుగింటి పుల్లకూర

ఓ బేబీ వేషం వేసిన లక్ష్మి కూడా దర్శకురాలేనని తెలుసా? 1980లో కన్నడంలో విష్ణువర్ధన్‌తో ‘మక్కళ సైన్య’ తీశారు. అదే తమిళంలో ‘మళలై పట్టాళం’. ఆమె తండ్రి వై.వి.రావు తెలుగువారే. 1934లో తొలి కన్నడ టాకీ ‘సతీ సులోచన’ తీసింది ఆయనే. తండ్రి తొలి టాకీ తీసిన భాషలో కూతురు మెగాఫోన్ పట్టారన్నమాట.

ముంబయి తెలుగువాళ్లకు ‘సలామ్ బాంబే’ (1988) పక్క వీధి కథే. తెలంగాణ నుంచి వలసవెళ్లిన కామాఠీల పేరు మీద వెలసిన కామాఠీపురా పరిసరాల్లోని వీధి పిల్లల బతుకు అది. తీసిన మీరా నాయర్ పుట్టింది ఒడిశాలో, రూర్కెలాలో. అక్కడి చాళ్లలో పెరిగినవాళ్లయితే సాయి పరాంజపే ‘కథ’ (1983) చూసి తీరాలి. నీళ్ల పంపు దగ్గర పోట్లాటలు, పక్కింటి కబుర్లు అన్నీ ఉంటాయి.

అన్నిటికన్నా పైన నేను పెట్టేది మాత్రం ‘ఫణియమ్మ’. 1983 నాటి కన్నడ చిత్రం. దర్శకురాలు ప్రేమా కారంత్. కథ ఎం.కె.ఇందిర నవల. ఊహ తెలియని వయసులో పెళ్లి, వెంటనే వైధవ్యం, గుండు, ముతక చీర. ఫణియమ్మ ఎదురు తిరగదు. నోరెత్తకుండా ఆ ఇంటి చాకిరీ అంతా చేస్తుంది. కాన్పు కష్టమైతే ఊరు అంటరానిదన్న మనిషి దగ్గరికి కూడా వెళ్లి పురుడు పోస్తుంది. చాలా ఏళ్లకు ఇంట్లో ఇంకో పిల్లకు అదే గతి పట్టి, ఆ పిల్ల జుట్టు తీయించుకోనని మొండికేస్తే, ఈ ముసలామె ఆ పిల్ల పక్షాన నిలబడుతుంది. ఉపన్యాసం లేదు, ఏడుపు లేదు. వీరేశలింగం పంతులు 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం చేయించారని పాఠాల్లో చదువుకున్నాం. ఆ పెళ్లి ఎందుకు అవసరమైందో నాకు ఈ కన్నడ సినిమా చూశాకే తెలిసింది.

ఇక నా వరస ఇదీ. ‘ఫణియమ్మ’ తర్వాత ‘ఇరుది సుట్రు’, ఆ తర్వాత ‘చండీరాణి’. నాలుగూ అయిదూ ‘సలామ్ బాంబే’, ‘అలా మొదలైంది’. ‘సూరరై పోట్రు’ ఆరోది. దీనికి తమిళ మిత్రులు ఒప్పుకోరు, నాకు తెలుసు. ఏడు ‘మీనా’, ఎనిమిది ‘కథ’, తొమ్మిది ‘మిత్ర్’. పదోది ఖాళీగా ఉంచాను, ‘చిన్నారి పాపలు’ కోసం. 1968లో పలక పట్టుకుని బడికెళ్లిన పిల్లలు ఇప్పుడు అరవై దాటి ఉంటారు. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే ఈ ఆదివారం భోజనాలయ్యాక అడిగి చూడండి... సావిత్రి ఎంత పోగొట్టుకుందని కాదు, సినిమా ఎలా ఉందని.