తూము మూసుకున్న చెరువు

"మా అత్తగారికి మెడ డిస్కు ఆపరేషన్ అయింది. రాత్రంతా నర్సు గంటకోసారి లేపి 'పేరు చెప్పండమ్మా' అంటూనే ఉంది. ఎముకకు ఆపరేషన్ చేసి పేరు అడగడమేమిటి?" అని ఒక పాఠకురాలి ప్రశ్న.

నర్సుకు కావలసింది పేరు కాదు, గొంతు. మెడ ముందునుంచి డిస్కు తీసే దారిని 1958లో అమెరికాలో స్మిత్, రాబిన్సన్‌లు ఒక వైపు, క్లోవర్డ్ మరో వైపు వివరించారు. శ్వాసనాళం, అన్నవాహికలను ఒక పక్కకు, పెద్ద రక్తనాళాలను ఇంకో పక్కకు ఒత్తిపట్టి వెన్నుపూసను చేరుకుంటారు. కుట్లు వేశాక లోపల ఏ సన్ననాళమో కారితే రక్తం గడ్డకడుతుంది. అరుదే, కానీ ప్రాణం మీదికొస్తుంది.

ఎలా? గడ్డ గాలిగొట్టాన్ని నలిపేస్తుందని చాలామంది అనుకుంటారు. మీ మెడ తడిమి చూసుకోండి. లాడం ఆకారపు మృదులాస్థి వలయాలు వరసగా తగులుతాయి. వెనక గోడ మెత్తనిదే అయినా ఈ గొట్టం అంత తేలిగ్గా లొంగదు. ముందు లొంగేవి సిరలు. వాటిలో పీడనం పాదరసం 10 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ధమనుల్లో 120 దాకా. అంటే కాలువ పారుతూనే ఉంది, తూము మూసుకుంది. చెరువు పొంగక ఏం చేస్తుంది? పొంగే చోటు స్వరపేటిక. దాని లోపలి పొర నీరుపట్టి ఉబ్బుతుంది. అందుకే ముందు గొంతు మారుతుంది. ఆపై గాలి దారి ఇరుకవుతుంది.

ఇక్కడ ప్వాజే అనే ఫ్రెంచి వైద్యుడు గుర్తొస్తాడు. సన్నగొట్టాల్లో ద్రవాల మీద ఆయన 1840లలో ప్రకటించిన లెక్క ప్రకారం, ప్రవాహం సాఫీగా సాగినా, వ్యాసార్థం సగమైతే అడ్డు 16 రెట్లు. 4 మిల్లీమీటర్లు 3 అయితేనే మూడు రెట్లు దాటుతుంది. గాలి సుడి తిరిగితే మరీ కష్టం. అప్పటిదాకా బాగున్న మనిషి నిమిషాల్లో ఎగశ్వాస పడేది ఇందుకే. కుట్లు విప్పితే రక్తం బయటికొస్తుంది గానీ వాపు వెంటనే తీయదు. ఊపిరికోసం గొంతులో గొట్టం వేసే మత్తు డాక్టరుకు అసలు పరీక్ష అదే.

మనవాళ్ల చూపంతా వేలికి తగిలించిన ఆక్సిజన్ మీటరు మీదే! పక్కన ఆక్సిజన్ పెట్టి ఉంటే ఆ అంకె చివరిదాకా బాగానే కనిపిస్తుంది. రోగి గొంతు మారినా, మింగలేకపోయినా, పడుకోలేక లేచి కూర్చున్నా, ఊపిరిలో కీచుమన్నా అంకె పడేదాకా ఆగకండి. వెంటనే నర్సును పిలవండి.