చెఱసాల యుద్యోగులకు శిక్షణము

కాటన్‌పేట కనతిదూరమున, శేషాద్రి రోడ్డునందలి పాత సెంట్రల్ జైలు 2008లో ఫ్రీడం పార్కైనది. జైలు తావు మాఱిన మాత్రమునఁ జాలునా? కావలివారి నడవడియు మాఱవలదా? ఖైదీలతో నహోరాత్రములు మెలఁగువాఁడు వార్డరే గదా!

రాయవేలూరున 1979లో నెలకొనిన విద్యాలయము దక్షిణ రాష్ట్రముల జైలు అధికారులకు శిక్షణ నొసఁగుచుండుట ముదావహము. అయిన 2015లో ఐక్యరాజ్యసమితి యామోదించిన మండేలా నియమములు జైలు సిబ్బంది యందఱికిని, కొలువునఁ బ్రవేశించుటకుఁ బూర్వమే శిక్షణము విధించినవి. బలప్రయోగమునకు హద్దులు, ప్రథమచికిత్స, ఖైదీల మనోవ్యధ నెఱుఁగుట యందలి పాఠములు.

మన చెఱసాలలలో నధికసంఖ్యాకులు నేరము ఋజువు గాని విచారణాధీనులు. శిక్ష విధించుట న్యాయస్థానముల పని. వార్డరు పని కాదు. ఈ పాఠము నేర్వనివానికిఁ దాళపుచెవు లీయరాదని మా యభిప్రాయము.