మెట్టసీమలో నిలువ నీరు - బిడ్డల ఆరోగ్యము

వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరికిని తెలియవని సామెత. కాని వానతోపాటు వచ్చు జబ్బుల రాకడ తెలియరానిది కాదు. అవి ఏటేట ఒకే కాలమున, ఒకే త్రోవన వచ్చుచున్నవి. మార్కాపురము, గిద్దలూరు, కంభము, యర్రగొండపాలెము ప్రాంతములందు ఆ త్రోవ చాలవరకు మనము త్రాగు నీటిలోను, ఇంట నిలువయుంచు నీటిలోను ఉన్నది. దానిని మూయుట మన చేతులలోని పని.

మూత లేని డ్రమ్ము

నల్లమల కొండలకు తూర్పున గల ఈ సీమలో వానలు తక్కువ. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి పూర్వులు నిర్మించిన కంభము చెరువువంటి గొప్ప జలాశయము ఉన్నను, వేసవి ముదిరినచో అనేక గ్రామములందు బోర్లు ఎండిపోవును. ట్యాంకరు నీటికై ఎదురుచూడవలసి వచ్చును. నీరు మరల ఎప్పుడు వచ్చునో తెలియని ఇల్లాలు డ్రమ్ములలో, తొట్లలో, సిమెంటు గాబులలో నాలుగైదు దినములకు సరిపడు నీరు పట్టియుంచుకొనును. ఇది ఆమె తప్పు కాదు, అవసరము. కాని ఆ నీటిపై మూత లేనిచో అవసరమే అపాయమగును.

"వానలే లేని మా ఊరికి దోమల జ్వరమెట్లు వచ్చును?" అని కొందరు అడుగవచ్చును. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు ఈడిస్ దోమకు వాన అక్కరలేదు, మురుగుగుంటయు అక్కరలేదు. ఇంటి ముంగిట నిలిచిన తేట నీరు చాలును. డ్రమ్ము లోపలి గోడకు, నీటి అంచున, అది గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు నీరు లేకున్నను నెలల తరబడి చావక, మరల నీరు తగిలినంతనే పురుగులై బయలువెడలును. గ్రుడ్డు దోమగుటకు సుమారు 8 నుండి 10 దినములు పట్టును. కనుకనే వారమునకొకసారి పాత్రలన్నిటిని ఖాళీచేసి శుభ్రపరచవలెను. మన రాష్ట్రమున శుక్రవారమును 'డ్రై డే'గా పాటింపుడని చెప్పుటలోని అంతరార్థమిదే.

అయితే నీటికరువు గల ఇంట డ్రమ్మెడు నీటిని పారబోయుడనుట న్యాయము కాదు. ఆ నీటిని దళసరి గుడ్డతో వేరొక పాత్రలోనికి వడగట్టుడు. గుడ్డలో చిక్కిన పురుగులను పొడినేలపై విదలింపుడు. డ్రమ్ము లోపలి గోడలను పీచుతో గట్టిగా రుద్ది, ఎండబెట్టి, మరల ఆ నీటినే పోసికొని మూతపెట్టుడు. మూత లేనిచో గుడ్డ కప్పి త్రాటితో బిగింపుడు. రుద్దకుండ కేవలము నీరు మార్చిన ప్రయోజనము లేదు. గ్రుడ్లు గోడకే అంటియుండును. ఇంటి వెనుక పడియున్న టైర్లు, కొబ్బరి చిప్పలు, పగిలిన కుండలను కూడ మరువరాదు.

ఈడిస్ దోమ పగటిపూట కుట్టును. అందుచేత రాత్రి దోమతెర ఒక్కటే చాలదు. బడికి పోవు పిల్లలకు కాళ్ళు, చేతులు కప్పు దుస్తులు వేయవలెను. మలేరియా దోమ వేరు. అది రాత్రివేళ కుట్టును. ఆ దోమ కడుపులో మలేరియా క్రిమిని 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ కనుగొనినది మన సికింద్రాబాదులోనే. నాటినుండి నేటివరకు తేలిన సత్యమొక్కటే: దోమ పుట్టుక ఆగినగాని ఈ జ్వరములు ఆగవు.

తొలి వానల నీరు

తొలి వానలు కురియగానే నేలమీది మలినమంతయు కొట్టుకొనివచ్చి బావులలోను, పగిలిన గొట్టములలోను చేరును. విరేచనములు, కామెర్లు, టైఫాయిడు జ్వరము దీని ఫలములు. పంచాయతీవారు పైట్యాంకులను కడిగించి, క్లోరిన్ కలిపించి, చివరి కొళాయి వద్ద కూడ పరీక్షింపవలెను. అక్కడి నీటిలో లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెను. క్లోరిన్ వాసనకు వెరచి ఆ నీటిని మానుట తగదు.

విరేచనములైన బిడ్డకు నీరు ఇవ్వరాదను అపోహ ప్రాణాంతకము. బిడ్డను చంపునది విరేచనము కాదు. ఒంటిలోని నీరు, ఉప్పు తరిగిపోవుట. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరమున కలరా చెలరేగినపుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి, మరణములను నూటికి 30 నుండి 4 లోపునకు దించెను. నేటి ఓ.ఆర్.ఎస్. పొట్లము అదే. ఒక పెద్ద పొట్లమును ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలిపి, కొద్దికొద్దిగా త్రాగింపుడు. 24 గంటలు దాటినచో పారబోయుడు. పొట్లము దొరకనిచో లీటరు నీటికి ఆరు చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుడు. ఇచట చెంచా అనగా టీ చెంచా. చంటిబిడ్డకు తల్లిపాలు మానరాదు. వైద్యుల సలహాపై జింకు మాత్రలు 14 దినములు ఇవ్వవలెను.

కాచిన నీరు - ఫ్లోరైడు

ఈ సీమవారు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలసిన విషయమొకటి కలదు. ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంకరపోవు వ్యాధిని భారతదేశమున తొలిసారిగా 1937లో షార్ట్ మొదలగు వైద్యులు నెల్లూరు జిల్లాలో వర్ణించిరి. మనకు పొరుగున గల పొదిలి, కనిగిరి 1970 వరకు ఆ జిల్లాలోనివే. నీటిని కాచిన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు; నీరు ఆవిరియైన కొలది దాని పాలు పెరుగును. కావున లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు గల బోరు నీటిని కాచి త్రాగుట రక్షణ కాదు. ఆ నీరు ఇతర పనులకు వాడుకొని, త్రాగుటకు, వంటకు శుద్ధిచేసిన నీటిని లేదా పథకపు నీటిని తెచ్చుకొనవలెను. ఎదుగు పిల్లల పళ్ళు, ఎముకలు దీనిపై ఆధారపడియున్నవి.

పాఠశాలలో

వేసవి సెలవుల పిదప బడి తెరుచుటకు ముందే నీటి ట్యాంకును కడిగింపవలెను. సెలవులలో నిలిచిన నీరు ఒక్క బొట్టును పిల్లలకు ఇవ్వరాదు. మధ్యాహ్న భోజనమునకు ముందు ప్రతి బిడ్డ సబ్బుతో చేతులు కడుగుకొనునట్లు ఉపాధ్యాయులు చూడవలెను. జ్వరముతో వచ్చిన బిడ్డను బెంచిపై పరుండబెట్టక, ఇంటికి కబురంపవలెను.

జ్వరమునకు పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ మాత్రలు ఇవ్వరాదు. డెంగీ అయినచో రక్తస్రావమునకు దారితీయును. జ్వరము తగ్గినది గదా యని నిశ్చింతగా ఉండరాదు. డెంగీలో అపాయకాలము జ్వరము దిగు మూడవ దినము మొదలు ఏడవ దినము వరకు. కడుపునొప్పి, మానని వాంతులు, చిగుళ్ళనుండి రక్తము, మగతనిద్ర కనిపించినచో తడవు చేయక 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేర్పవలెను.

ఇది సాధ్యమా?

నారికురుపు వ్యాధి ఒకనాడు మన మెట్ట గ్రామములను పీడించెను. దానికి టీకా లేదు, మందు లేదు. దిగుడుబావులలో కాళ్ళు పెట్టుట మాని, నీటిని గుడ్డతో వడగట్టి త్రాగుటవలన 1996 తరువాత దేశమున ఒక్కరికిని అది రాలేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమున అది అంతరించినదని ధ్రువీకరించెను. ఆ విజయము గుడ్డ పట్టుకొనిన గ్రామీణ స్త్రీలది. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి డ్రమ్ములు చూతుననినపుడు వాకిలి తెరువుడు. స్వయం సహాయక సంఘములు వీధికొక శుక్రవారపు తనిఖీ చేపట్టుడు. డ్రమ్ముపై మూత, చేతికి సబ్బు, ఇంట ఓ.ఆర్.ఎస్. పొట్లము: ఈ మూడును కలిగిన ఇంట వానకాలము పంటకే గాని దుఃఖమునకు రాదు.